గోడలో ఉండిపోయిన చీటీ

పెద్దలందరికీ, ఈ వీధి అక్కయ్యలకీ అన్నయ్యలకీ, మాస్టారి కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చినవాళ్ళకీ నమస్కారం.

మాస్టారి గురించి మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అడుగుతాను. కారణం కూడా చెప్తాను, కానీ ముందు పని జరగాలి.

ఎండగా ఉందని ఆ చెక్క మంచె కింద నీడలో కుర్చీలు వేసుకున్నవాళ్ళు దయచేసి లేచి, ఇటు గేటు వైపుకి రండి. అవునండీ, కుర్చీలతో సహా. కాస్త ఎండ తగులుతుంది, ఏమీ అనుకోకండి. బామ్మగారికి ఎవరైనా చెయ్యి అందించండి.

ఇంక పైన కుర్చీలు సర్దుతున్న అన్నయ్యలిద్దరూ. అన్నయ్యా, మీరు దిగి వచ్చేయండి. కుర్చీలు అక్కడే వదిలేయండి. గోడ వైపు నడవకండి, బయటి అంచు వెంట రండి. ఒకరు దిగాక ఒకరు. తొందర లేదు.

సరే. ఇద్దరూ దిగారు. నా మాట పూర్తయ్యేదాకా ఇంకెవరూ ఎక్కకండి. మెట్ల మొదట్లో కూర్చున్నది మా నాన్న. దారికి అడ్డంగా ఏం కూర్చున్నాడయ్యా ఈ పెద్దమనిషి అని ఇందాక ఒకరిద్దరు విసుక్కున్నారు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది నేనే.

నన్ను ఎరగనివాళ్ళు ఉంటారు. నేను ఆ మేస్త్రి కూతుర్ని. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని. ఇప్పుడు ఇళ్ళకి నక్షాలు గీసే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇంతమంది ముందు మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారి. నాకు మైకంటే భయం అనుకుంటున్నారేమో. కాదు. నేను భయపడుతున్నది వేరే దానికి.

పోయిన గురువారం మాస్టారు దుకాణంలో ఒకరి కళ్ళజోడు తుడుస్తూ తుడుస్తూ కౌంటరు మీదకి ఒరిగిపోయారు. ఆ కళ్ళజోడు మాత్రం కింద పడనివ్వలేదట. పక్కన పెట్టి మరీ ఒరిగారట. విన్నప్పుడు నాకు ఏడుపు కంటే ముందు ఒక మాట గుర్తొచ్చింది. మాస్టారు ఎప్పుడూ అనేవారు: "ప్రతి వస్తువూ పడిపోదామనే చూస్తుందమ్మా. మేకూ, మరా, మనమూ కలిసి దాన్ని ఆపుతున్నాం, అంతే."

ఎంత భయస్తుడండీ ఆయన! మీకు తెలియదా? ఈ వీధిలో ఆయన్ని చీటీల మాస్టారు అని ఎందుకన్నారు? ఆయన పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కళ్ళజోళ్ళు అమ్మే మనిషి. కానీ ఆదివారం వస్తే చాలు, షెడ్డులో రంపం మోత మొదలు. ఏది చేసినా, ఏది బాగుచేసినా, దాని మీద ఒక తెల్ల చీటీ అంటించాల్సిందే. ఈ ఇంట్లోకి వెళ్ళి చూడండి. కుళాయి పైన, 'ఎడమకి తిప్పితే కాలుతుంది.' మూడో మెట్టు పక్కన, 'ఇది అర అంగుళం ఎత్తు, కాలు చూసుకో.' మిక్సీ వెనక, 'తడి చేతులతో ప్లగ్గు జోలికి రావద్దు, ఎంత తొందరైనా సరే.' ఆ చివరి మాట మాస్టారి ఇల్లాలు పిన్నిగారి కోసమని వేరే చెప్పక్కర్లేదు.

వాళ్ళమ్మాయి, నేను చెల్లీ అని పిలిచే పిల్ల, ఒకసారి ఆయన చొక్కా వెనకాలే చీటీ అంటించింది. 'జాగ్రత్త. కదిలిస్తే ఉపన్యాసం మొదలవుతుంది.' ఆయన చూసుకోలేదు. ఆ చీటీతోనే దుకాణానికి వెళ్ళి, రోజంతా జనానికి కళ్ళజోళ్ళు అమ్మి, అలాగే ఇంటికి వచ్చారు. నవ్వి ఊరుకున్నారా? లేదు. ఊడదీసి తన నోటు పుస్తకంలో అంటించుకుని, పక్కన 'సరైన హెచ్చరికే' అని రాసుకున్నారు.

షెడ్డులో చెప్పుల స్టాండు చేసిన సంగతి మీరెవరూ మరిచిపోయి ఉండరు. నాలుగు ఆదివారాలు చేశారు. ఏనుగు ఎక్కినా విరగని స్టాండు. తీరా బయటికి తెద్దామంటే షెడ్డు తలుపు కంటే స్టాండు వెడల్పు! పిన్నిగారు కాఫీ గ్లాసుతో వచ్చి, "ఇంట్లో ఉండేది ముగ్గురం, చెప్పులు ముప్పై మందివి పడతాయి, అదీ షెడ్డులో. ఇకనుంచి చెప్పులు విప్పడానికి షెడ్డుకీ, నడవడానికి ఇంటికీ వెళ్దాం లెండి" అన్నారు. ఆయన స్టాండు కోయలేదు. గుమ్మం కోశారు. ఇప్పటికీ ఆ షెడ్డు గుమ్మానికి తలుపు చాలదు. దాని మీద కూడా చీటీ ఉంది, 'తలుపు తప్పు కాదు, కొలత తప్పు. నాదే' అని.

ఆ చీటీ గుర్తుపెట్టుకోండి. తన తప్పుని ఒప్పుకోవడానికి ఆయన వెనకాడేవారు కాదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఈరోజు నేను చెప్పాలి. మాస్టారు చెప్పొద్దన్నారు. నేను మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

పద్నాలుగేళ్ళ కిందట మా నాన్న ఈ ఇంట్లో రెండు నెలలు పనిచేశారు. నన్ను ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేక వెంట తెచ్చేవారు. నాకు ఎనిమిదేళ్ళు. ఇసుకలో ఆడుకుంటూ ఉంటే మాస్టారు చూశారు. ఏ క్లాసమ్మా అనడిగారు. ఏ క్లాసూ కాదన్నాను. మర్నాడు దుకాణంలోంచి పాతబడిన కంటి పరీక్ష అట్ట ఒకటి తెచ్చి షెడ్డు గోడకి తగిలించారు. పైన ఒకటే అక్షరం, నా తలకాయంత. కింద రెండు. ఆ కింద నాలుగు. అలా చిన్నవవుతూ చివరి వరస చీమల బారులా ఉండేది. వారానికి ఒక వరస. నా చదువు పలకతో కాదు, ఆ అట్టతో మొదలైంది. రెండు నెలలయ్యేసరికి చీమల్ని కూడా చదివేశాను. నన్ను బడిలో వేయమని మా నాన్నని ఒప్పించిందీ మాస్టారే. ఎలా ఒప్పించారో తెలుసా? "దీని చూపు చాలా బాగుందయ్యా, వృథా చేస్తావా?" అన్నారు. చదువు అంటే మా నాన్న వినేవారు కాదేమో. చూపు అన్నారు కాబట్టి విన్నారు.

ఆ రోజుల్లోనే, అదిగో ఆ వెనక గోడలో ఒక పెద్ద కిటికీ ఉండేది. లోపల బీరువా పెట్టుకోవాలని మాస్టారు దాన్ని మూయించారు. మా నాన్న ఒంటి ఇటుక వరసతో మూశారు. మూసి చెప్పారు, "సారూ, ఇది మూత, గోడ కాదు. ఈ చోట బరువు వేలాడదీయొద్దు. మరిచిపోయేరు." మాస్టారు మరిచిపోయే మనిషి కదా, అందుకే కదా చీటీలు. జేబులోంచి తెల్లటి మందపాటి కాగితం ముక్క తీసి, వడ్రంగి పెన్సిలుతో సహా నా చేతిలో పెట్టారు. "మీ నాన్న చెప్పింది నువ్వే రాయి. నీ మొదటి చీటీ" అన్నారు. దుకాణానికి టైమైందని వెళ్ళిపోయారు.

నేను రాశాను. ఎక్కడ రాశాను?

అంత మంచి కాగితం నేను అప్పటిదాకా ముట్టుకోలేదండీ. నున్నగా, తెల్లగా, మడత లేకుండా. దాని మీద రాసి గోడకి అంటిస్తే అది గోడదైపోతుంది. రాయకపోతే నాది. ఎనిమిదేళ్ళ బుర్ర. కాగితం లంగా జేబులో పెట్టుకుని, ఆ మాటలు ఇటుకల మీద రాశాను, పెద్ద పెద్ద అక్షరాలతో. 'ఇది పాత కిటికీ. బరువు పెట్టొద్దు.' మధ్యాహ్నం మా నాన్న వచ్చి చూశారు. "బొమ్మలు బాగా గీశావే" అన్నారు. ఆయనకి చదవడం రాదు. తాపీ తీసి, ఆ బొమ్మల మీద సిమెంటు పూత పూసేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. నా అక్షరాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే భలే నవ్వొచ్చింది నాకు.

సాయంత్రం మాస్టారు వచ్చి అడిగారు, "రాశావా?" అని. రాశానన్నాను. అబద్ధం కాదు కదా.

పదకొండేళ్ళు గడిచాయి. గోడకి ఎన్నిసార్లు రంగులు పడ్డాయో. మూడేళ్ళ కిందట మాస్టారు ఈ మంచె కట్టారు. పొలంలో కట్టే మంచెలా ఉందని ఆ పేరు ఆయనే పెట్టారు. బయటి వైపు రెండు ఇనప గుంజలు. గోడ వైపు ఒక పొడుగాటి దూలం, పది బోల్టులు. డ్రిల్లు పెట్టే ముందు, తన అలవాటు ప్రకారం, గోడంతా చీటీ కోసం వెతికారట. లేదు. చీటీ లేదంటే ప్రమాదం లేదన్నమాట. తన పద్ధతి మీద ఆయనకి అంత నమ్మకం. నమ్మి బోల్టులు బిగించారు. పదింటిలో నాలుగు ఆ పాత కిటికీలోకి దిగాయి.

ఆ మంచె మీద మొదటి రోజు మీలో పదహారు మంది కూర్చుని కాఫీ తాగారు. ఎంత గట్టిగా ఉందో అని కాళ్ళతో తన్ని మరీ చూశారు. ఫోటో ఉంది. లోపల హాల్లో, మాస్టారి ఫోటో పక్కనే పెట్టారు. ఇందాక చూసి తలలు లెక్కపెట్టాను.

పోయిన ఏడాది చెల్లి పరీక్ష పాసయిన రోజు గుర్తుందా? అదీ, దాని స్నేహితురాళ్ళూ కలిసి పదిహేను మంది పైన పాటలు పెట్టి గంతులేస్తున్నారు. నేను కింద మాస్టారి పక్కన నిలబడి ఉన్నాను. టక్కుమని ఒక చప్పుడు. చిన్నదే. పెన్సిలు విరిగినంత. పాటల్లో ఎవరికీ వినబడలేదు. ఆయనకి వినబడింది. ఆయన మొహం సున్నం వేసినట్టయిపోయింది. నేనైతే కేక పెట్టేదాన్ని. ఆయన పెట్టలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి, ఏమీ కానట్టు, "అమ్మాయిలూ, కేకు కింద కోస్తున్నాం, ఒక్కొక్కరే రండి, బయటి అంచు వెంట రావాలి, ముందొచ్చిన వాళ్ళకి పెద్ద ముక్క" అన్నారు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని దించారు. నేను లెక్కపెట్టాను. చెల్లి గోడ మూల ఉంది. అందరికంటే వెనక ఉంది. కూతుర్ని ముందు పిలిస్తే వెనకవాళ్ళు అటు తోసుకొస్తారని ఆయన పిలవలేదు. పద్నాలుగు మంది దిగేదాకా కూతురి వైపు చూడను కూడా చూడలేదు. పదిహేనోది దిగాక నా భుజం పట్టుకున్నారు. ఆయన చెయ్యి మంచుగడ్డ. అసలు కేకు లేదు. పరిగెత్తుకెళ్ళి నేనే కొనుక్కొచ్చాను.

ఆ తర్వాతే 'ఆరుగురికి మించి ఎక్కరాదు' చీటీ పడింది. మనమేం చేశాం? నవ్వాం. "మాస్టారూ, మా ఆవిడని ఇద్దరి కింద లెక్కేస్తారా?" అని ఎవరో అంటే నేనూ నవ్వాను. ఎందుకు ఆరుగురో ఆయనకే తెలియదు అప్పటికి. భయం మాత్రం తెలుసు.

నాలుగు నెలల కిందట వారం రోజులు ముసురు పట్టింది కదా. తెరిపిచ్చిన రోజు మాస్టారి నుంచి ఫోను. ఒకసారి రామ్మా అన్నారు, అంతే. వచ్చాను. దూలం కింద పూత పెచ్చులూడి ఉంది. ఆయన టార్చిలైటు వేసి చూపించారు. ఇటుకల మీద, వంకర టింకర అక్షరాలు. 'బరువు పెట్టొద్దు.'

నా అక్షరాలు నేను గుర్తుపట్టలేనా?

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టార్చి వెలుగు ఒక్కో అక్షరం మీదికీ జరిపి అన్నారు: "అక్షరాలు బాగానే రాశావు. చదవాల్సినవాణ్ణి నేనే ఆలస్యంగా వచ్చాను."

మీరడగొచ్చు. తెలిసిన రోజే ఎందుకు విప్పేయలేదు, ఎందుకు చెప్పలేదు అని. నేనూ అడిగాను. ఒకసారి కాదు. మెట్ల తలుపుకి తాళం వేశారు. ఎవరైనా అడిగితే పాలిష్ ఆరుతోందన్నారు. నాలుగు నెలలు ఆరే పాలిష్ ఎక్కడైనా ఉంటుందా పిన్నిగారూ? మీరు కూడా నమ్మినట్టే ఊరుకున్నారు. దూలం కింద ఆసరాగా రెండు కర్ర గుంజలు నిలబెట్టారు. వాటిని చూస్తే ఎవరైనా అడుగుతారని పూలకుండీలు వేలాడదీశారు. ఎంత అందంగా ఉన్నాయో అని మీరంతా మెచ్చుకున్నది ఆ గుంజల్నే.

ఆయన భయమల్లా ఒకటే. ఈ వీధిలో ఆయన చెయ్యి పడని ఇల్లు లేదు. ఒకరింట్లో ఉయ్యాల కొక్కెం. ఒకరింట్లో వంటింటి అల్మరా. ఒకరి పసిబిడ్డ మంచం పైన, గోడకి పుస్తకాల అర. "ఇక్కడ తప్పు చేసినవాణ్ణి అక్కడ చేయలేదని ఏమిటి నమ్మకం?" అన్నారు నాతో. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో చూసిన భయం నేను ఇంకెవరి కళ్ళలోనూ చూడలేదు. ముందు ఆ ఇళ్ళన్నీ చూడాలి, ఆ తర్వాత మంచె విప్పుతాను, విప్పిన రోజు అందరికీ నేనే చెప్తాను, అప్పటిదాకా నోరు మెదపకు అన్నారు. తప్పో ఒప్పో, నేను తలూపాను.

ఈ నాలుగు నెలల్లో మాస్టారు మీ ఇళ్ళకి వచ్చారు. గుర్తు తెచ్చుకోండి. "ఊరికే వచ్చాను, ఒక కాఫీ ఇవ్వండి" అని. ఇందాక మాట్లాడినవాళ్ళలో ముగ్గురు అన్నారు, పోయేముందు అందరినీ చూసి పోవాలని ఆయనకి తెలిసిపోయినట్టుంది, అందుకే ఇంటింటికీ వచ్చారు అని. నేను మీ మాట కాదంటున్నానని బాధపడకండి. ఆయన ఊరికే రాలేదు. కాఫీ తాగుతూ తాగుతూ అల్మరా మీద చెయ్యి వేశారు కదా? గోడని వేలితో తట్టారు కదా? మీరు కాఫీ గ్లాసు లోపల పెట్టడానికి వెళ్ళి వచ్చేలోపు కొక్కెం పట్టుకుని వేలాడి చూశారు. ఒక ఇంట్లో వేలాడుతూ దొరికిపోయి, నడుం నొప్పికి డాక్టరు చెప్పాడని బొంకారు. మీ మీద ప్రేమ లేదని కాదు. భయం అంతా ప్రేమలోంచే కదా పుట్టింది.

ఆయన నోటు పుస్తకం నా దగ్గరుంది. మొత్తం పందొమ్మిది ఇళ్ళు. పదహారు ఇళ్ళకి టిక్కు పడింది. రెండిళ్ళలో మరలు మార్చినట్టు కూడా రాసి ఉంది, ఆ ఇంటివాళ్ళకే తెలియకుండా. మూడు మిగిలాయి. మూల మీద దర్జీ అక్కయ్య ఇల్లు, బస్సు డ్రైవరన్నయ్య ఇల్లు, కవలలున్న ఇల్లు. మీ మూడిళ్ళకీ రేపు పొద్దున నేనూ మా నాన్నా వస్తాం. అప్పటిదాకా ఆయన బిగించిన అరల కింద ఎవర్నీ పడుకోబెట్టకండి. కాఫీ ఇవ్వకపోయినా పర్వాలేదు.

మంచె విప్పడానికి, కారణం చెప్పకుండా, మా నాన్నతో మాట్లాడుకున్నది ఎల్లుండి ఆదివారానికి. ఇంకో పది రోజులు ఆయన ఉండి ఉంటే ఈ మాటలన్నీ మీరు ఆయన నోటే వినేవారు.

ఇంక ఈరోజు సంగతి. ఇక్కడికి వచ్చేటప్పుడు నేను ఇవేవీ మాట్లాడాలనుకోలేదు. అక్షరాల అట్ట గురించి చెప్పి, దణ్ణం పెట్టి కూర్చుందామనుకున్నాను. గేట్లోంచి లోపలికి రాగానే చూశాను. మెట్ల తలుపు తీసి ఉంది. పైన కుర్చీలు. మౌనం పాటించాక అందరం మంచె మీదకి వెళ్ళి కాఫీ తాగుదాం, ఆయన చేతి పనికి అదే గౌరవం అని పెద్దలు అనుకున్నారట. మంచి ఆలోచనే. పిన్నిగారు తాళం ఇచ్చారు. ఆవిడకి తెలియదు. తెలియకుండా ఉంచినవాళ్ళలో నేనున్నాను. పిన్నిగారూ, ఆ ఒక్క తప్పుకీ మీ కాళ్ళ మీద పడాలి నేను.

అది మాత్రమే కాదు. కుర్చీలకి అడ్డంగా ఉన్నాయని పూలకుండీల గుంజలు రెండూ తీసేశారు. అవిగో, గోడ వారన పడుకోబెట్టి ఉన్నాయి. కుండీలు వరసగా ఫోటో ముందు పెట్టారు.

ఇక్కడ అరవై మందిమి ఉన్నాం.

కాలనీ కార్యదర్శి గారికి చెవిలో చెప్పాను. "ఇలాంటి రోజున ఇలాంటి మాటలా? మూడేళ్ళుగా నిలబడ్డది ఒక్క గంటకి పడుతుందా? తర్వాత చూద్దాంలే అమ్మాయ్" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. పోయినవాళ్ళ గురించి ఎవరూ ఇలాంటి మాటలు చెప్పరు. మంచి మాటలు చెప్తారు. మా నాన్న వైపు చూశాను. మేస్త్రి కట్టిన గోడలో లోపం ఉందని ఆ మేస్త్రి కూతురే మైకులో చెప్తే, రేపటి నుంచి ఆయన్ని పనికి ఎవరు పిలుస్తారు? ఆ భయం నాకు లేదనుకున్నారా? ఇంకెవర్నీ ఎక్కనివ్వకు నాన్నా అన్నాను ఆయనతో. "నేను మెట్టు మీద కూర్చుంటా, నువ్వెళ్ళి చదువు" అన్నారు. ఏదో కాగితం చదవడానికి వచ్చాననుకున్నారు పాపం. ఆయన కూడా ఇదంతా ఇప్పుడే వింటున్నారు. నాన్నా, ఆ రోజు నువ్వు పూత పూసింది బొమ్మల మీద కాదు. నువ్వు చెప్పిన మాట మీదే. ఆ మాట సరైనదే. చెప్పాల్సింది చెప్పావు. దాన్ని దాచింది నేను.

మాస్టారు మంచివారా అని నన్నడిగితే, నాకు చూపు ఇచ్చారని చెప్తాను. ఆయన పనివంతుడా అంటే, అవును, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటు నేను చెప్పకుండా ఆయన్ని ఎంత పొగిడినా, ఆ పొగడ్తలన్నిటినీ మోయాల్సింది ఆ నాలుగు బోల్టులు. అవి మోయలేవు. తన చేతి పని మీదకి ఎక్కి మనలో ఒక్కరికి దెబ్బ తగిలినా, ఎక్కడున్నా ఆయన ప్రాణం ఇంకోసారి పోతుంది.

ఈ కాగితం చూడండి. వెనక ఉన్నవాళ్ళకి కనిపించకపోవచ్చు. ఇది ఆ రోజు మాస్టారు నాకిచ్చినదే. పద్నాలుగేళ్ళుగా నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. ఒక్క అక్షరం రాయలేదు. అంచులు పచ్చబడ్డాయి. దీన్ని ఆయన ఫోటో దగ్గర పెట్టి వెళ్ళిపోదామని తెచ్చుకున్నాను. ఇందాక మీరు నన్ను పిలిచే ముందు, వెనక బల్ల మీద పెట్టి రాశాను. చదువుతాను.

'ఇది పాత కిటికీ. బరువు పెట్టొద్దు. ఎవరూ ఎక్కొద్దు.'

నా మొదటి చీటీ. ఇప్పటికి రాశాను మాస్టారూ. మన మౌనం అయ్యాక నేనే వెళ్ళి ఆ మెట్ల తలుపుకి అంటిస్తాను. తాళం పిన్నిగారు వేస్తారు. కాఫీ ఇక్కడే, ఈ ఎండలోనే తాగుదాం.

ఇప్పుడు అందరూ మీమీ చోట్లలో నెమ్మదిగా లేచి నిలబడండి. కాళ్ళ కింద నేల ఉందో లేదో చూసుకోండి, ఆయన అలాగే చెప్పేవారు. చేతులు కట్టుకోండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, కదలొద్దు. ఆయన వినగలిగిన ఆ చిన్న చప్పుడు కోసం ఆయనలాగే చెవులు రిక్కించి, భయంతోనే, ప్రేమతోనే నిలబడదాం.

అందరూ లేవండి.

నాన్నా, నువ్వు మాత్రం లేవకు. నువ్వు అక్కడే కూర్చో.